బొగ్గుబాయి, సోలార్ పార్కు: మన పేరు ఏ మస్టర్‌లో ఉంది?

ఈమధ్య ఒక యూనివర్సిటీలో రెండు రోజుల సెమినార్ జరిగింది. విషయం బొగ్గు కరెంటా, సోలార్ కరెంటా అని. ఒక పక్షం వాళ్లు భూమి వేడెక్కిపోతోంది, బొగ్గుబాయిలు మూసెయ్యాలి అన్నారు. రెండో పక్షం వాళ్లు బాయిలు మూస్తే కార్మికుల నోట్లో మట్టి పడుతుంది అన్నారు. రెండు పక్షాల దగ్గరా గ్రాఫులున్నాయి, గణాంకాలున్నాయి. ఆ కార్మికుడు ఎవరు, ప్యానెళ్ల కింద పోయిన నేల ఎవరిది అని మాత్రం ఎవరూ చెప్పలేదు. వెనక వరసలోంచి మేం లేచి అడిగితే, అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దమనిషి "మంచి ప్రశ్నే, సామాజిక న్యాయం సెషన్ రేపు మధ్యాహ్నం ఉంది, అక్కడ అడగండి" అన్నారు. మర్నాడు మధ్యాహ్నానికి సగం మంది రైలెక్కేశారు.

అక్కడ చెప్పనివ్వని మాటలే ఇక్కడ రాస్తున్నాం. ముందే ఒక సంగతి ఒప్పుకోవాలి. మేం బొగ్గు పక్షమూ కాదు, ఎండ పక్షమూ కాదు. బొగ్గు మండితే వచ్చే వేడి మొదట తగిలేది ఏసీ గదుల్లో ఉన్నవాళ్లకు కాదు, మే నెలలో మట్టిపనికి పోయే మనవాళ్లకే. కాబట్టి "బొగ్గు జిందాబాద్" అనే వాదన మాకు అక్కర్లేదు. అలాగని సోలార్ అనగానే పుణ్యకార్యం అన్నట్టు చేతులు జోడించడమూ మావల్ల కాదు. ఈ చర్చలో "ఎనర్జీ ఉద్యోగం" అని దేన్ని లెక్కిస్తున్నారు, దేన్ని లెక్కలోంచి తీసేస్తున్నారు అన్నదే మా ప్రశ్న.

జీతం అనే మాటకు రెండు అర్థాలు

మా తాత దొర దగ్గర జీతమున్నాడు. మా నాన్న బాయిలో జీతం తీసుకున్నాడు. మాట ఒకటే, మధ్యలో ఒక యుగం ఉంది. మొదటి జీతంలో మనిషి దొర ఇంటి సొత్తు. రెండో జీతంలో మనిషికి ఒక నంబరు, ఒక మస్టర్, ఒక క్వార్టరు, ఒక ఆస్పత్రి చీటీ, పండుగకు బోనస్ ఉన్నాయి. ఆ బోనస్ డబ్బుతోనే మేం హాస్టల్ ఫీజు కట్టాం. బొగ్గు ప్రాంతాల్లో మొదటి తరం చదువుకున్న దళితుల్ని పట్టుకుని అడగండి, పదిమందిలో ఎక్కువమంది ఇదే చెప్తారు.

గోదావరి లోయలో బొగ్గు సంగతి 1871లో జియలాజికల్ సర్వేలో పనిచేసిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర కనుక్కోవడంతో మొదలైంది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. మిగతా దేశంలో బొగ్గు గనుల్ని 1971-73 మధ్య జాతీయం చేశారు గానీ, సింగరేణి అంతకు చాలా ముందే సర్కారు కంపెనీ. ఇవ్వాళ అందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

ఇది చరిత్ర పాఠం కోసం చెప్పడం లేదు. సర్కారు కంపెనీ కాబట్టే అందులో రిజర్వేషన్ వచ్చింది. బాయి లోపల తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపే ఫిల్లర్ పనికి పోటీ పడి వచ్చిన అగ్రకులం వాళ్లు ఎంతమంది? ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చేసే పని గనక అది మాల మాదిగలకు, వలస వచ్చిన వెనకబడిన కులాల వాళ్లకు దొరికింది. ఆఫీసు కుర్చీలకూ అండర్‌గ్రౌండుకూ మధ్య ఉన్న దూరం ఎంతో, కులానికీ కులానికీ మధ్య దూరం అంత. అయినా సరే, ఆ చీకటిలోంచి వచ్చిన జీతం మన వాడల్లో మొదటి సైకిల్, మొదటి ఇటుకగోడ, మొదటి డిగ్రీ అయింది. ఈ మాటను బొగ్గును పొగడటం కింద తీసుకోవద్దు. దగ్గుతో, నడుంనొప్పితో మెడికల్ అన్‌ఫిట్ అయి ఇంటికొచ్చిన తండ్రుల్ని చూసినవాళ్లం మేం.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. అప్పుడు సంవత్సరానికి తీసిన బొగ్గు 2 కోట్ల టన్నుల లోపు. 2023-24లో తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. పర్మినెంటు కార్మికులు మాత్రం 40 వేల చుట్టుపక్కలే. అంటే బొగ్గు మూడు రెట్లు దాటి పెరిగింది, మనుషులు సగానికి సగం కూడా మిగల్లేదు. ఈ ఉద్యోగాలను ఏ సోలార్ ప్యానెల్ మింగింది? ఏదీ కాదు. అండర్‌గ్రౌండ్ బాయిలు తగ్గించి ఓపెన్‌కాస్టులు తెరిచారు. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీదున్న మట్టిని, అంటే ఓబీని, తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్లకు పోయింది. ఫిల్లర్ చేసే పని యంత్రాలు చేస్తున్నాయి. వీఆర్ఎస్ పేరుతో కొంతమందిని పంపేశారు. మిగిలిన ఖాళీల్లో కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టారు. వాళ్లు అదే దుమ్ములో, అదే షిఫ్టులో పనిచేస్తారు, జీతం మాత్రం వేరు. 2022 సెప్టెంబరులో ఆ కాంట్రాక్టు కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేశారంటే ఊరికే చేశారా?

వారసత్వ ఉద్యోగాల గొడవ కూడా ఇక్కడే ఉంది. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కు ఉద్యోగమిచ్చే పద్ధతిని 2017లో హైకోర్టు సమానత్వ సూత్రానికి విరుద్ధమని కొట్టేసింది. ఆ తర్వాత కారుణ్య నియామకాల పేరుతో కొంత తిరిగి వచ్చింది. చట్టం దృష్టిలో కోర్టు చెప్పింది సబబే కావచ్చు. కానీ ఈ దేశంలో భూమికి వారసత్వం ఉంది, గుడికి వారసత్వం ఉంది, సినిమాకు వారసత్వం ఉంది. ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాడి కొడుకు దగ్గరికి వచ్చేసరికే వారసత్వం తప్పయింది.

ఇక 2020లో కేంద్రం బొగ్గు బ్లాకుల్ని వ్యాపారం కోసం ప్రైవేటుకు వేలం వెయ్యడం మొదలుపెట్టింది. సింగరేణి ప్రాంతంలోని నాలుగు బ్లాకుల్ని వేలం జాబితాలో పెడితే 2021 డిసెంబరులో కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. ప్రైవేటు బాయిలో బొగ్గు అదే బొగ్గు. రోస్టర్ మాత్రం ఉండదు.

కాబట్టి "సోలార్ వస్తే బొగ్గు ఉద్యోగాలు పోతాయి" అని ఇప్పుడు కన్నీళ్లు పెట్టుకునేవాళ్లను మనం ఒకటే అడగాలి. అరవై వేల పైచిలుకు ఉద్యోగాలు బొగ్గులోనే, బొగ్గు పెరుగుతుండగానే పోయినప్పుడు మీరెక్కడున్నారు?

ఎండకు మనుషులు అక్కర్లేదు

థర్మల్ కేంద్రంలో బొగ్గు కాల్చి, నీళ్లు మరిగించి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. రోజూ బొగ్గు కావాలి. రోజూ తవ్వేవాడు, మోసేవాడు, వ్యాగన్ దించేవాడు, బూడిద ఎత్తేవాడు కావాలి. సోలార్‌లో అదేం లేదు. ఎండ తనంతట తానే వచ్చి ప్యానెల్ మీద పడుతుంది. ప్యానెల్ దాన్ని నేరుగా కరెంటుగా మారుస్తుంది. ఇన్వర్టర్ ఆ కరెంటును లైనుకు తగ్గట్టు మారుస్తుంది. కట్టేటప్పుడు ఏడాదో రెండేళ్లో వందల మందికి పని ఉంటుంది, గుంతలు తవ్వడానికి, ఇనుప కమ్మీలు పాతడానికి, ప్యానెళ్లు బిగించడానికి. ఆ తర్వాత పాతికేళ్లు కొద్దిమంది ఇంజనీర్లు, టెక్నీషియన్లు చాలు. మిగిలేది గేటు దగ్గర సెక్యూరిటీ, ప్యానెళ్లు కడగడం, వాటి కింద మొలిచిన గడ్డి పీకడం.

ఇంధనం ఖర్చు లేదు, కూలి ఖర్చు లేదు, అందుకే ధర పడిపోయింది. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైన కొత్తలో వేలంలో యూనిట్ పది రూపాయలు దాటి పలికింది. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో 2 రూపాయల 44 పైసలకు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1 రూపాయి 99 పైసలకు వచ్చింది. 2025 జనవరి నాటికి దేశంలో సోలార్ సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. ఇంత జరిగినా దేశంలో తయారయ్యే కరెంటులో మూడింట రెండు వంతులకు పైగా బొగ్గుదే. రాత్రి ఎండ ఉండదు కదా. వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఏడాది పొడుగునా ఇచ్చే కరెంటు, ఇంచుమించు మూడు నాలుగు వందల మెగావాట్ల థర్మల్ యూనిట్ ఇచ్చేదానికి సమానం. అంటే బాయిలు రేపే మూతపడవు. సోలారూ ఆగదు. రెండూ పక్కపక్కనే నడిచే కాలం చాలా ఉంది. మన వాటా అడగాల్సింది ఈ కాలంలోనే.

సోలార్ ఉద్యోగాలకు సూర్యమిత్ర అని 2015 నుంచి ఒక శిక్షణ నడుస్తోంది. ఐటీఐ, డిప్లొమా చదివిన కుర్రాళ్లకు పని నేర్పి సర్టిఫికెట్ ఇస్తారు. మంచిదే. కానీ శిక్షణ సర్కారుది, ఉద్యోగం ప్రైవేటుది. ప్రైవేటు కంపెనీ ఎవరిని తీసుకుంటుందో, ఇంటర్వ్యూలో "మీ ఊరేది, మీ ఇంటిపేరేంది" అని ఎందుకు అడుగుతుందో చదువుకున్న మనవాళ్లకు వివరించాల్సిన పని లేదు.

ఇక్కడే వర్గీకరణ సంగతి కూడా చెప్పుకోవాలి. 1994లో ఈదుముడిలో మొదలైన దండోర ముప్పై ఏళ్లు నడిచింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు రాష్ట్రాలకు వర్గీకరించే అధికారం ఉందని చెప్పింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణలో అది అమలులోకి వచ్చింది. వర్గీకరణ మీద మన పత్రికల్లోనే ఎంత వాదం నడిచిందో పాఠకులకు తెలుసు. కానీ గ్రూపు ఒకటి, రెండు, మూడు అని పంచుకోవడానికి ముందు పళ్లెంలో అన్నం ఉండాలి. బొగ్గులో పోస్టులు కాంట్రాక్టు అవుతున్నాయి, సోలార్‌లో పోస్టులు పుట్టడమే ప్రైవేటులో పుడుతున్నాయి. మాలలూ మాదిగలూ కలిసి దిగాల్సిన పోరాటం ఏదన్నా ఉంటే ఇదే.

బంజరు అని ఎవరన్నారు?

ఒక మెగావాట్ సోలార్‌కు నాలుగైదు ఎకరాల నేల కావాలి. ఈ నేల ఎక్కడిది? ప్రభుత్వ కాగితాల్లో ఎప్పుడూ ఒకే సమాధానం ఉంటుంది. "బంజరు భూములు వాడుతున్నాం." బంజరు అనేది రెవెన్యూ వాడి మాట. అక్కడ మేకలు మేసేవి, పుల్లలు ఏరుకునేవాళ్లు, వానొస్తే ఒక కారు జొన్నో కందో వేసుకునేవాళ్లు. శిస్తు రాని నేలను బ్రిటిష్ వాడు బంజరు అన్నాడు. మనవాళ్లకు ఈ దేశంలో దొరికిన భూమిలో ఎక్కువ భాగం ఆ బంజరులోంచి అసైన్ చేసిందే. నల్లరేగడి దొరకు, గులకరాళ్లు మనకు. ఇప్పుడు ఆ గులకరాళ్ల మీదే ఎండ బాగా పడుతుందట.

కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో దాదాపు 6 వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల పార్కు 2017లో వచ్చింది. అనంతపురం వైపు నంబులపూలకుంట, పాత కడప జిల్లా గాలివీడు మండలాల్లో 1500 మెగావాట్ల పార్కు కోసం 7 వేల ఎకరాలకు పైగా తీసుకున్నారు. 2016లో మొదటి 250 మెగావాట్లు మొదలయ్యాయి. ఆ నేలల్లో డీకేటీ పట్టా భూములున్నాయి, పట్టా లేకుండా ఏళ్ల తరబడి సాగులో ఉన్న భూములూ ఉన్నాయి. పట్టా ఉన్నవాళ్లకు ఎంత, లేనివాళ్లకు అసలుందా అనే దగ్గరే గొడవ మొదలైంది. చట్టం మనకు అనుకూలంగా ఉన్న చోటు ఒకటుంది. 1977లో వచ్చిన అసైన్డ్ భూముల చట్టం ఆ భూములు అమ్మడాన్నీ, కొనడాన్నీ నిషేధించింది. దాన్ని అడ్డం పెట్టుకుని "మీది పూర్తి హక్కు కాదు, కాబట్టి పూర్తి పరిహారం రాదు" అని అధికారులు అంటూ వచ్చారు. 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ వాదన చెల్లదు అంది. అసైన్డ్ భూమిని ప్రజావసరానికి తీసుకుంటే పట్టా భూమికిచ్చినట్టే మార్కెట్ ధర, దాని మీద సొలేషియం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఈ తీర్పు సంగతి మండలాఫీసులో ఎవరూ మనకు చెప్పరు. కార్యకర్తలు జిరాక్స్ తీసి జేబులో పెట్టుకోవాల్సిన కాగితం అది.

ఇప్పుడు పద్ధతి మారింది. భూమిని సేకరించడం కాకుండా కౌలుకు తీసుకుంటున్నారు. దీనికి పెద్ద ఉదాహరణ కర్ణాటకలోని పావగడ. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉన్న తాలూకా అది, ఊళ్లలో తెలుగు వినపడుతుంది. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం మొదలైన ఐదు గ్రామాల్లో 13 వేల ఎకరాలు, 2050 మెగావాట్లు. 2019 చివరికి పూర్తయింది. రైతుల భూమి రైతులకే ఉంటుంది, ఎకరానికి ఏడాదికి 21 వేల రూపాయల కౌలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ల ఒప్పందం. కరువు తాలూకాలో ఇది చిన్న మాట కాదు. వానకు ఎదురుచూసే రైతుకు నెల తిరగకుండా అప్పుల వాడి ముఖం చూడాల్సిన బాధ తప్పింది. దీన్ని మేం కాదనడం లేదు.

కానీ లెక్క కట్టి చూడండి. 50 ఎకరాలున్నవాడికి ఏడాదికి పదిన్నర లక్షలు. రెండెకరాలున్నవాడికి 42 వేలు. భూమి లేనివాడికి సున్నా. భూమి ఎవరికి ఎంత ఉందో ఆ నిష్పత్తిలోనే ఎండ పంచారు. రాజ్యం కొత్తగా తెచ్చిన సంపద కూడా పాత కుల పంపకం ప్రకారమే పోయింది. పైగా రెండేళ్లకు 5 శాతం అంటే ఏడాదికి రెండున్నర కూడా పడదు. బియ్యం ధర అంత మెల్లగా పెరగదు.

పావగడలో కౌలు రాని కూలోళ్లకు పని పోయిందనీ, గొర్రెలకాపర్లకు మేత భూమి పోయిందనీ చాలామంది రాశారు. ఇలాంటిదే ఇంకో పార్కు అంచున ఉన్న ఒక మాదిగవాడకు మేం పోయాం. ఊరి పేరు రాయడం లేదు, మాట్లాడినవాళ్లకు ఇబ్బంది. ఒక పెద్దమ్మ చెప్పింది: "చెనిక్కాయ పీకేదానికి పోతే కూలీ వస్తాండె, నాలుగు కాయలు ఒడికి వస్తాండె. ఇత్తనమేసేకాడ్నించి కట్టె ఇంటికి తెచ్చేదాంకా ఏదో ఒక పని. ఇప్పుడు అద్దాల కింద గడ్డి పీకేదానికి పిలుస్తారు. అది కూడా మేస్త్రీకి కావల్సినోళ్లనే. మేకలు యాడ మేపేది నాయనా?" ఆమె అన్న ఇంకో సంగతి మా నోట్‌బుక్కులో ఉంది. వాడలోంచి మసాణానికి పోయే బండిదారి కంచె లోపల పడింది. ఇప్పుడు శవాన్ని ఎత్తుకుని కంచె చుట్టూ తిరిగి పోవాలి. భూమి యజమానుల సమావేశం జరిగిన రోజు మీవాళ్లనెవరినన్నా పిలిచారా అని అడిగితే, "మాకు నేల లేదు కదా, మమ్మల్నెందుకు పిలుస్తారు" అని మా వైపే వింతగా చూసింది.

ఆ పెద్దమ్మ కోల్పోయింది "ఎనర్జీ ఉద్యోగం" కాదు. బొగ్గు పక్షం లెక్కలో ఆమె లేదు, ఎందుకంటే ఆమె బాయి కార్మికురాలు కాదు. సోలార్ పక్షం లెక్కలో కూడా లేదు, ఎందుకంటే వాళ్లు వచ్చిన ఉద్యోగాలనే లెక్కిస్తారు, పోయిన కూలిదినాల్ని లెక్కించరు. బొగ్గులో పోయేది ఎక్కువగా మగవాడి పని, దానికి యూనియన్ ఉంది, సమ్మె ఉంది, పేపర్లో ఫొటో ఉంది. సోలార్ కింద పోయేది ఎక్కువగా ఆడవాళ్ల కూలి. దానికి మస్టరే లేదు.

ఇదెలా సాధ్యమైంది? 2013 భూసేకరణ చట్టంలో ప్రభావిత కుటుంబం అనే నిర్వచనం ఉంది. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ దాని మీదే బతుకుతున్న వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు, చేతివృత్తుల వాళ్లు కూడా అందులోకి వస్తారు. ఎన్నో పోరాటాల తర్వాత వచ్చిన మాట అది. కానీ కౌలు ఒప్పందం అంటే సేకరణ కాదు. సేకరణ కాకపోతే ఆ చట్టం వర్తించదు. చట్టం వర్తించకపోతే కూలీ లేడు. అంతేకాదు, బొగ్గుగని తెరవాలన్నా థర్మల్ కేంద్రం కట్టాలన్నా 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. అది చాలాసార్లు నాటకమే. అయినా ఆ షామియానా కింద మైకు పట్టుకుని మాట్లాడే అవకాశమన్నా ఉంటుంది. సోలార్ పార్కులకు ఆ నోటిఫికేషన్ వర్తించదు. పొగ రాదు కాబట్టి అడిగే పనే లేదట.

థర్మల్‌ను వెనకేసుకొస్తున్నారా అని ఎవరైనా అడగొచ్చు. లేదు. సోంపేటలో 2010 జూలైలో, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరిలో థర్మల్ కేంద్రాలు వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చచ్చిపోయారు. అక్కడా ప్రభుత్వం దృష్టిలో బీల పనికిరాని నేలే. చేపలు పట్టేవాడికి, పశువులు మేపేవాడికి అది బతుకు. బొగ్గయినా ఎండయినా పేదవాడి ఉమ్మడి నేలకు పెట్టిన పేరు ఒకటే.

టన్నుకు ఇంత అని

బాబాసాహెబ్ అంబేద్కర్‌ను రాజ్యాంగం దగ్గరే ఆపేసేవాళ్లు మరిచిపోయే సంగతి ఒకటుంది. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్. గని కార్మికులూ, విద్యుచ్ఛక్తి ప్రణాళికా రెండూ ఆయన శాఖలోనే ఉన్నాయి. కరెంటునూ కార్మికుణ్నీ ఒకే బల్ల మీద పెట్టుకుని ఆలోచించిన మనిషి ఆయన. 1943 డిసెంబరులో ధన్‌బాద్ బొగ్గు ప్రాంతానికి పోయి బాయి లోపలికి దిగి చూశారు. 1944 జనవరిలో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. గనిలోంచి బయటికి పోయే ప్రతి టన్ను బొగ్గు మీద సెస్సు, ఆ డబ్బుతో కార్మికులకు ఇళ్లు, నీళ్లు, వైద్యం. అదే కాలంలో, యుద్ధం పేరుతో ఆడవాళ్లను మళ్లీ బాయిలోకి దింపడాన్ని ఆయన శాసనసభలో సమర్థించుకోవాల్సి వచ్చింది. 1946 ఫిబ్రవరిలో ఆ నిషేధం తిరిగి పెట్టారు. ఆయన ప్రతి పనినీ కళ్లకద్దుకోవాలని మేం అనడం లేదు. టన్నుకు ఇంత అని తీసి ఆ టన్ను తవ్వినవాడికే ఖర్చు పెట్టాలన్న సూత్రాన్ని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఆ సంక్షేమ నిధి చట్టాన్ని 1986లో రద్దు చేశారు.

2010లో మళ్లీ టన్నుకు ఇంత అని మొదలైంది. ఈసారి పేరు స్వచ్ఛ ఇంధన సెస్సు. టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016 నాటికి 400 అయింది. బొగ్గు నుంచి సోలార్ వైపు పోవడానికి ఈ డబ్బు అన్నారు. 2017లో జీఎస్టీ రాగానే అది రాష్ట్రాల నష్టపరిహారం ఖాతాలోకి పోయింది. 2025 సెప్టెంబరులో ఆ సెస్సునూ తీసేసి బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెంచారు. ఏళ్ల తరబడి టన్నుకు 400 వసూలు చేసినా, బాయి మూసిన ఊళ్లో కాంట్రాక్టు కార్మికుడికి ఇంకో పని చూపించడానికంటూ ఒక ఖాతా పుట్టలేదు. 1944లో వలసపాలకుల సర్కారులో ఒక దళితుడు లేబర్ మెంబర్‌గా ఉంటే సాధ్యమైనది, 2010లో స్వతంత్ర సర్కారులో సాధ్యం కాలేదు.

బయటి దేశాల్లో దీన్ని న్యాయమైన మార్పిడి అంటున్నారు. దక్షిణాఫ్రికాలో కోమాటి అనే థర్మల్ కేంద్రాన్ని (పేరు చూసి పొరబడొద్దు, అక్కడి ఊరు అది) 2022 అక్టోబరులో మూసేశారు. పర్మినెంటు సిబ్బందిని వేరే చోట్ల సర్దారు. కాంట్రాక్టు కార్మికులు, కేంద్రం చుట్టూ చిన్నాచితకా వ్యాపారం చేసుకుని బతికినవాళ్లు ఇబ్బంది పడ్డారు. నల్లవాళ్ల రాజ్యంలోనే ఇలా జరిగితే, కులం రాజ్యంలో ఎలా జరుగుతుందో ఊహించుకోవచ్చు.

1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో అంబేద్కర్ కీలక పరిశ్రమలు రాజ్యం చేతుల్లో ఉండాలన్నారు, వ్యవసాయాన్ని కూడా రాజ్య పరిశ్రమగా చేసి కులభేదం లేకుండా ఊరివాళ్లకు కౌలుకివ్వాలన్నారు. భూస్వామీ ఉండకూడదు, భూమిలేని కూలీ ఉండకూడదు అన్నది ఆయన ఆలోచన. ఈనాటి సోలార్ కౌలు సరిగ్గా దానికి తలకిందులుగా ఉంది. భూస్వామిని అలాగే ఉంచి, కూలీని మాత్రం మాయం చేసింది.

మరి ఏం అడగాలి? నేల గుంజుకోకుండా సోలార్ పెట్టొచ్చని చూపించిన చోట్లు మన దగ్గరే ఉన్నాయి. రామగుండంలో ఎన్టీపీసీ 2022 జూలైలో తన రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్లు తేలేసింది. సింగరేణి తన సొంత ఖాళీ జాగాల్లో 2024 నాటికి 240 మెగావాట్లకు పైగా పెట్టింది. మణుగూరు, ఇల్లందు, మందమర్రి వెళ్తే బాయిల పక్కనే ప్యానెళ్లు కనిపిస్తాయి. అక్కడ భూమి సర్కారుది, కంపెనీ సర్కారుది. అలాంటి చోట సోలార్ పనిని కాంట్రాక్టుకు ఇవ్వకుండా రోస్టర్ పోస్టులుగా ఎందుకు చెయ్యకూడదు? అన్‌ఫిట్ అయిన కార్మికుడి బిడ్డ అండర్‌గ్రౌండుకే ఎందుకు దిగాలి, ఇన్వర్టర్ రూములో ఎందుకు కూర్చోకూడదు? యూనియన్లు ఈ ప్రశ్నను గట్టిగా ఎత్తుకోలేదు. యూనియన్ల నాయకత్వం ఎవరిదో చూస్తే ఎందుకు ఎత్తుకోలేదో కొంత అర్థమవుతుంది.

తెలంగాణలో మహిళా సంఘాల చేత వెయ్యి మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టిస్తామని ప్రభుత్వం 2025లో చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్ల మీద రెండు కిలోవాట్ల ప్యానెళ్లు ఉచితంగా పెడతామన్నారు. యజమాని హోదాలో మన పేరు వచ్చే పథకాలివి, కాబట్టి వెక్కిరించనక్కర్లేదు, వెంటపడాలి. ఏ సంఘానికి ప్లాంటు వచ్చింది, అందులో మనవాళ్లు ఎంతమంది, బ్యాంకు అప్పు ఎవరి పేరు మీద ఉంది, మన రేకుల ఇంటి మీద ప్యానెల్ నిలబడుతుందా, ఇవన్నీ ఒక్కో ఊళ్లో కూర్చుని రాసుకోవాల్సిన సంగతులు.

సోలార్ పార్కు వస్తోందని పుకారు వచ్చిన ఊళ్లో కార్యకర్తలు మొదట చెయ్యాల్సిన పని ధర్నా కాదు, కాగితాలు. డీకేటీ పట్టాలు, అడంగల్, 1-బీ ఎవరి పేరు మీద ఉన్నాయో చూడాలి. పట్టా లేని సాగుదార్ల పేర్లు సర్వే నంబర్లతో సహా రాసి తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. మసాణం దారి, మేకల దారి, నీళ్ల వంక పటం మీద గుర్తుపెట్టి గ్రామసభ తీర్మానంలో ఎక్కించాలి. భూమి లేని ఇళ్లు అక్కడే మూడేళ్లు పనిచేశాయని చూపించే కాగితం కావాలి. రేపు సేకరణే అయితే చట్టం కింద పనికొస్తుంది, కౌలే అయితే కౌలులో కూలీల వాటా అడగడానికి పనికొస్తుంది. చాలా వాడల్లో అలాంటి కాగితం ఒకటే ఉంటుంది, ఉపాధి హామీ జాబ్‌కార్డు, అందులో రాసిన పనిదినాలు.

మేం పోయిన వాడలో ఆ కార్డులు ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. కొన్నిటికి చెదలు పట్టింది. ఆ రోజు సాయంత్రం దాకా కూర్చుని, చదవగలిగినవాటికి ఫోన్లో ఫొటోలు తీసి పదో తరగతి చదివే ఒక పిల్ల చేతికి జాబితా రాసిచ్చాం. మిగిలిన ఇళ్లవి తను రాస్తానంది.